క్లచ్ షాఫ్ట్ అరిగితే ఏది ఎయ్యాలె: కంపెనీదా, బయటిదా, ఆటోనగర్ పాతదా, మొత్తం బాక్సా?

బొలేరో పికప్, దోస్త్, యోధ, ఇంట్రా... మన నల్లగొండ, పాలమూరు దిక్కు లోడు బండ్లంటే ఎక్కువ ఇవే. వీటిల్ల ఏ బండిదైనా గేర్ బాక్స్ దించినంక మెకానిక్ ముందటి షాఫ్ట్, అంటే ఇంజన్ తిప్పుడును క్లచ్ కెల్లి బాక్సులకు తెచ్చే క్లచ్ షాఫ్ట్ (ఇన్‌పుట్ షాఫ్ట్ అన్నా ఇదే), చేతుల వెట్టి "అన్నా, ఇది అయిపోయింది" అన్నడంటే ఆ గంటల్నే నాలుగు దిక్కులకెల్లి నాలుగు సలహాలు వస్తయి. ఒకలు కంపెనీ షాఫ్టే ఎయ్యమంటరు, ఒకలు ఆటోనగర్ పోయి పాతది తెచ్చుకోమంటరు, లేత్ కాడ మనిషి వెల్డింగ్ నింపి కొత్తదాని లెక్క చేసిస్త అంటడు, ఇంకొకలు గీ లొల్లంత ఎందుకు మొత్తం సెకండ్ హ్యాండ్ బాక్సే ఎక్కించు అంటరు. అందరు చెప్పేదాంట్ల కొంత కొంత నిజమున్నది గాని, షాఫ్ట్ ఏడ అరిగిందో, దానికి జోడైన కౌంటర్ షాఫ్ట్ (బాక్సుల దాని గేర్‌తోని తిరిగి మిగతా గేర్లను తిప్పేది) ఎట్లున్నదో చూడకుండ చెప్తే ఏ సలహా అయినా గాలిల దీపమే.

ముందుగాల షాఫ్ట్ ఎట్లుంటదో చూసుకుందాం, ఎందుకంటే ఏది ఎయ్యాలె అన్నదంత దీనిమీదనే ఉన్నది. ఇంజన్ దిక్కుండే సన్నటి ముక్కు ఫ్లైవీల్ (ఇంజన్ ఎనక తిరిగే బరువైన చక్రం) నడుమ పైలట్ బేరింగుల కూసుంటది. దానెనక స్ప్లైన్లు, అంటే నిలువు గాడులు, క్లచ్ ప్లేటు వాటి మీదనే ముందుకెనక్కు జరుగుతది. తర్వాత ఆయిల్ సీల్ రాసుకునే నున్నటి జాగ, తర్వాత పెద్ద బేరింగ్, దానెనక కౌంటర్ షాఫ్టును తిప్పే గేర్ పండ్లు, ఆఖరుకు డైరెక్ట్ గేర్ (ఎక్కువ బండ్లకు నాలుగోది) పడేటప్పుడు స్లీవ్ (జరిగి గేర్‌ను తాళం వేసే రింగ్) ఎక్కే చిన్న పండ్లు, సింక్రో రింగ్ (గేర్ పడేముందు వేగాలు సమం చేసేది) పట్టే కోన్. ఇంకోటి బయటికి కనవడదు, షాఫ్ట్ ఎనక దిక్కు లోపట ఒక రంధ్రం ఉంటది, మెయిన్ షాఫ్ట్ (తిప్పుడును ఎనక చక్రాల దిక్కు తీస్కపోయేది) ముక్కు అండ్ల నీడిల్ రోలర్ల మీద తిరుగుతది. చాలామంది స్ప్లైన్లు ఒక్కటే చూసి "మంచిగనే ఉన్నయ్ కదా" అనుకుంటరు, గీ రంధ్రం మొకం గూడ చూడరు.

దించకముందే తెలిసేది

బాక్స్ దించుడే అసలు ఖర్చు, సగం రోజు పని, అందుకే దించకముందు చెవులతోని పనిచెయ్యాలె. ఇంజన్ స్టార్ట్ చేసి న్యూట్రల్ల వెట్టి క్లచ్ మీదకెల్లి కాలు తియ్యున్రి, గరగర వస్తున్నది, మళ్ల క్లచ్ పూర్తిగ తొక్కంగనే బందయితున్నది అంటే సప్పుడు బాక్స్ లోపటిదే, ఇన్‌పుట్ షాఫ్ట్ పెద్ద బేరింగ్ గాని కౌంటర్ షాఫ్ట్ బేరింగులు గాని. ఉల్టా అయితే, అంటే తొక్కినప్పుడే సప్పుడొచ్చి వదిలితే పోతే, అది రిలీజ్ బేరింగో (పెడల్ తొక్కితే పోయి క్లచ్చును నొక్కేది) పైలట్ బేరింగో. ఈ రెండింటికి తేడా ఎట్లంటే పెడల్ మీద కాలు జర ఆనిచ్చినప్పుడే మొదలయితే రిలీజ్ బేరింగ్, మొత్తం తొక్కి గేర్ల వెట్టి నిలవడ్డప్పుడు వస్తే పైలట్ మీద అనుమానం, ఎందుకంటే షాఫ్ట్ ఆగి ఫ్లైవీల్ తిరుగుతున్నప్పుడే పైలట్ బేరింగుకు పని.

తర్వాత రోడ్డు మీద. ఎనక చక్రాలు తిరిగే ఐదు గేర్ల పికప్పులల్ల ఎక్కువ వాటికి నాలుగో గేర్ డైరెక్ట్, అంటే ఇన్‌పుట్ షాఫ్ట్, మెయిన్ షాఫ్ట్ రెండు తాళం పడి ఒక్కటై తిరుగుతయి, కౌంటర్ షాఫ్ట్ మీద లోడు పడది. ఒకటి రెండు మూడుల మూలుగుడు ఉండి నాలుగుల పడంగనే సప్పుడు సల్లవడ్డదంటే తప్పు కౌంటర్ షాఫ్ట్ దిక్కు, లేకుంటే ఇన్‌పుట్ గేర్ పండ్లల్ల, లేకుంటే గా రంధ్రంల నీడిల్ రోలర్లల్ల. నాలుగుల గూడ అట్లనే మోగుతుంటే ఇన్‌పుట్ పెద్ద బేరింగో, మెయిన్ షాఫ్ట్ ఎనక బేరింగో, లేదా బాక్సే కాదు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (బాక్స్ కెల్లి ఎనక యాక్సిల్ దాకా పోయేది) క్రాసులు, క్రౌన్ (ఎనక యాక్సిల్ గేర్లు) దిక్కు చూడాలె. గియ్యి చూడకుండ "సప్పుడొస్తుంది, షాఫ్ట్ మార్చు" అని దించుకున్న బండ్లు ఎన్నో ఉన్నయ్, దించినంక క్రాస్ పోయిందని తేలుతది.

ఆయిల్ గూడ సాక్ష్యం చెప్తది. డ్రెయిన్ ప్లగ్గుకు అయస్కాంతం ఉంటే దానిమీద బూడిద రంగు మెత్తటి పేస్ట్ ఉండుడు మామూలే, దాన్ని చూసి భయపడొద్దు. ఆ పేస్టును వేళ్ల నడుమ రుద్దున్రి, గరుకు తగిలినా, గోరంత రేకులు మెరిసినా, సూది ముక్కల్లాంటివి దొరికినా లోపల పండ్లో రోలర్లో రాలుతున్నయన్నట్టు. పాల టీ రంగుల ఆయిల్ వచ్చిందంటే నీళ్లు కలిసినయి. వాగులల్ల, వరి మళ్ల గట్ల మీద తిరిగే బండ్లకు ఇది వస్తుంటది, అట్లాంటప్పుడు షాఫ్ట్ ఒక్కటే కాదు అన్ని బేరింగులు చూడాలె.

దించినంక షాఫ్టును చేతుల పట్టుకొని చూసేటివి

బాక్స్ కిందకి రాంగనే మెకానిక్ షాఫ్ట్ ముక్కు పట్టుకొని అటిటు ఊపి "చూసిన్రా, ఎంత ప్లే ఉన్నదో" అంటడు. దీనికి ఆగం కావద్దు. ముందటి కొసకు ఆసరా పైలట్ బేరింగే, అది ఫ్లైవీల్ దిక్కే ఉండిపోయింది కాబట్టి బాక్స్ ఒక్కటి కింద ఉన్నప్పుడు ముక్కు కాడ కొద్దిగ కదలుడు సహజం. పెద్ద బేరింగ్ కాడ, అంటే బాక్స్ మొకం కాడ, షాఫ్ట్ కిందికి మీదికి టకటక కొట్టుకుంటుంటే అది వేరే ముచ్చట, అది బేరింగ్ పోయినట్టు. బేరింగ్ పోయినంత మాత్రాన షాఫ్ట్ పోయినట్టు కాదు, గిది మస్తు మందికి తెల్వక బేరింగుతోని అయ్యేదానికి షాఫ్ట్ కొంటరు.

స్ప్లైన్లు చూసేటప్పుడు గుడ్డతోని కిరోసిన్ పెట్టి సుబ్బరంగ తుడిచి బొటనవేలి గోరుతోని పొడుగూత గీరున్రి. క్లచ్ ప్లేటు హబ్ కూసునే జాగకాడ గోరు మెట్టు ఎక్కినట్టు ఆగిందంటే అరుగుడు ఉన్నది. తర్వాత కొత్త క్లచ్ ప్లేటు తొడిగి చూడాలె, దాని బరువుకు అదే జారాలె, గుండ్రంగ తిప్పితే కొంచెమే కదలాలె. మెట్టు కాడ ప్లేటు ఇరుక్కుంటే క్లచ్ తొక్కినా పూర్తిగ ఇడవది, రివర్స్ గేర్ గర్ర్‌మంటది, మనమేమో పెడల్ అడ్జస్ట్ చేసుకుంట క్లచ్ సిలిండర్లు మార్చుకుంట పైసలు వెడుతుంటం. ముక్కు నీలం రంగుకు తిరిగినా, కొసకు సన్నబడ్డా పైలట్ బేరింగ్ ఎప్పుడో జామయ్యిందన్న లెక్క.

గేర్ పండ్లు వెలుతురుకు పెట్టి చూడున్రి, పండు మొకం మీద చిన్న చిన్న గుంతలు, పొరలు లేసినట్టు ఉంటే అది మళ్ల బాగుకాదు. చిన్న పండ్ల కొసలు మొనదేలి ఉండాలె, గుండ్రంగ అయినయంటే నాలుగో గేర్ జారుతది. సింక్రో రింగును కోన్ మీద నొక్కి తిప్పితే పట్టాలె, పట్టకుంట జారుతుంటే, లేదా రింగుకు పండ్లకు నడుమ సందు బాగ తగ్గిపోయి ఉంటే రింగ్ అరిగింది. ఆఖరుకు రంధ్రం, టార్చ్ కొట్టి చూడాలె, లోపట గోడ అద్దం లెక్క ఉండాలె, రోలర్ల గీతలు పడి గుంతలుంటే కొత్త రోలర్లు ఎంత మంచియి ఏసినా మళ్ల సప్పుడే.

ఇగ ఏది ఎయ్యాలె

మొదటిది వెల్డింగ్, లేత్ ముచ్చట, ఎందుకంటే ఊర్లల్ల అందరికంటె ముందు దొరికేది అదే, అగ్గువ గూడ అదే. స్ప్లైన్లు, గేర్ పండ్లు వెల్డింగ్ నింపి కోసుడు మాత్రం నేను ఒప్పుకోను. షాఫ్ట్ అలాయ్ స్టీల్, పైన పొర మాత్రం గట్టి చేసి లోపట గుజ్జు మెత్తగ ఉంచుతరు, లోడు పడ్డప్పుడు విరగకుండ. వెల్డింగ్ వేడికి ఆ గట్టిదనం పోతది, షాఫ్ట్ కొంచెం వంకర తిరుగుతది, వెల్డింగ్ అంచు కాడ పగుళ్లు మొదలయితయి. వంకర కంటికి కనవడకపోవచ్చు గాని వేల చుట్లు తిరిగే దానికి వెంట్రుకంత వంకరైనా సీల్ తింటది, పైలట్ తింటది. అయితే లేత్ మొత్తానికి పనికిరాదని గాదు. అరిగింది ఆయిల్ సీల్ జాగ ఒక్కటే అయితే, మిగతా అంతా మంచిగుంటే, పలుచటి స్టీల్ స్లీవ్ ఎక్కించి కొత్త సీల్ ఎయ్యొచ్చు, ఇది ప్రపంచమంతా చేసే పద్ధతే. గంతదానికి షాఫ్ట్ కొనుడు దండుగ. స్లీవ్ దొరకకుంటే సీల్‌ను ఒక రెండు మిల్లీమీటర్లు ముందుకో ఎనకకో కూసోబెట్టి పాత గాడి తప్పిస్తరు, సీల్ గూటిల జాగ ఉన్న బాక్సులల్ల ఇది గూడ నడుస్తది.

రెండోది కొత్త షాఫ్ట్. ఇండ్ల కంపెనీది ఒకటి, బయటి తయారీది ఒకటి. కంపెనీదాంట్ల ముఖ్య లాభం కొలత, గట్టిదనం గురించి ఆలోచించే పనిలేకపోవుడు, పార్ట్ నంబర్ చెప్తే సరైనది వస్తది. నష్టం ధర, ఇంకా టైం. నల్లగొండల గాని మహబూబ్‌నగర్ల గాని షోరూం కౌంటర్ మీద క్లచ్ ప్లేటు దొరికినంత అల్కగ గేర్ బాక్స్ లోపటి షాఫ్ట్ దొరకది, ఆర్డర్ పెట్టాల్సి వస్తది. అందుకే బాక్స్ ఇప్పిన రోజే ఛాసిస్ నంబర్ తోని పార్ట్ నంబర్ తీపిచ్చి హైదరాబాద్ల స్టాక్ ఉన్నదా అని ఫోన్ కొట్టియ్యాలె, ఉన్నదంటే ఆర్టీసీ కార్గోల ఏపిచ్చుకుంటే మనం పొయ్యే పనిలేదు. ఛాసిస్ నంబర్ ఎందుకంటున్న అంటే పేరు ఒకటే ఉన్నా బీఎస్4 బండికి బీఎస్6 బండికి, పాత మోడల్‌కు కొత్త మోడల్‌కు బాక్స్ మారుతుంటది, పండ్ల లెక్క మారుతది, స్ప్లైన్ల లెక్క మారుతది. "బొలేరో పికప్ షాఫ్ట్ ఇయ్యి" అని అడిగితే షాపాయన ఏదో ఒకటి ఇస్తడు.

బయటి తయారీ షాఫ్టులల్ల మంచియి ఉన్నయ్, చెత్తయి ఉన్నయ్, డబ్బా మీద బొమ్మ చూసి చెప్పలేం. చేతిల పట్టుకొని చూస్తే కొంత తెలుస్తది: స్ప్లైన్ అంచులు సాపుగ ఉన్నయా లేక బ్లేడు లెక్క చేతికి కోసుకుంటున్నయా, సీల్ జాగ గ్రైండింగ్ నున్నగ ఉన్నదా లేక లేత్ గీతలు కనవడుతున్నయా, పండ్ల మీద గ్రైండింగ్ ఒక్కతీరుగ ఉన్నదా. పాత షాఫ్ట్ పక్కన పెట్టి పొడుగు, పండ్లు, స్ప్లైన్లు, పండ్ల వాలు ఏ దిక్కున్నదో అన్నీ ఒక్కొక్కటి లెక్కవెట్టున్రి. మన కొత్త క్లచ్ ప్లేటు తీస్కపోయి షాపుల్నే తొడిగి చూడున్రి. ఒప్పుకోని షాపుల కొనకున్రి. బిల్లు తీసుకోన్రి, పాత కొటేషన్ మీద బేరం చేస్తుంటే గుర్తుపెట్టుకోన్రి, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో పార్టుల మీద జీఎస్టీ 18 శాతానికి వచ్చింది, అంతకుముందు ఎక్కువ పార్టులకు 28 ఉండె.

ఇప్పుడు అసలైన తిరకాసు. కొత్త షాఫ్ట్ అంటే దాని మీద గేర్ గూడ కొత్తదే, అది పోయి తగిలేది కౌంటర్ షాఫ్ట్ మీద లక్షల కిలోమీటర్లు అరిగిన పాత గేర్‌కు. ఇసుర్రాయిల పై రాయి ఒక్కటే కొత్తది పెట్టినట్టుంటది. మొదటి రోజునుంచే సన్నగ ఈల మొదలయితది, కొన్ని రోజులకు కొత్త పండ్లు గూడ పాతవాటి తీరుగ అరుగుతయి. కౌంటర్ షాఫ్ట్ పండ్లు నున్నగ ఒక్కతీరుగ మెరుస్తుంటే, గుంతలు లేకుంటే, షాఫ్ట్ ఒక్కటే కొత్తది ఎయ్యొచ్చు, కొంచెం ఈల ఉన్నా నడుస్తది. గుంతలున్నయంటే మాత్రం రెండూ జోడీగ మార్చాలె, లేకుంటే ఒకే బండికెల్లి వచ్చిన పాత జోడీ తేవాలె. ఒకటి కొత్తది ఒకటి గుంతలది అన్న లెక్క ఎప్పుడూ కుదరది. మెకానిక్ "ఇప్పుడైతే నడిపిద్దాం తర్వాత చూద్దాం" అంటే, తర్వాత అంటే మళ్ల బాక్స్ దించుడే, అదే లేబర్ మళ్ల ఇచ్చుడే.

గిక్కడ మీ బండి ఏ రూట్ల తిరుగుతదో గూడ చూసుకోవాలె. అచ్చంపేట, మన్ననూరు మీదకెల్లి శ్రీశైలం ఘాట్ ఎక్కే బండి రెండు, మూడు గేర్లల్లనే కొట్టుకుంట పోతది, ఆ లోడంతా ఇన్‌పుట్ గేర్ మీదకెల్లి కౌంటర్ గేర్ మీదికే పోతది. జడ్చర్ల, షాద్‌నగర్ మీదకెల్లి 44వ నంబర్ హైవే పొంటి నాలుగుల పొయ్యే బండికి ఆ పండ్లకు అంత పనుండది, డైరెక్ట్ కాబట్టి. (ఐదో గేర్‌ల మాత్రం మళ్ల కౌంటర్ మీదకెల్లే పోతది, గది మరువొద్దు.) కాబట్టి ఘాట్ బండికి, మిర్యాలగూడ మిల్లుల కాడ ఓవర్‌లోడ్ బియ్యం ఎత్తే బండికి నా మాట జోడీ మార్చుడే. హైవే బండికి కౌంటర్ మంచిగుంటే షాఫ్ట్ ఒక్కటి సరిపోతది.

మూడోది పాత షాఫ్ట్. మనకు దగ్గర హైదరాబాద్ల వనస్థలిపురం కాడ ఆటోనగర్, నల్లగొండ నుంచి పోతే నార్కట్‌పల్లి కాడ 65వ నంబర్ హైవే ఎక్కితే దారిల్నే వస్తది. అటు సూర్యాపేట, కోదాడ దిక్కోళ్లకు విజయవాడ ఆటోనగర్ గూడ దూరం కాదు, అక్కడ సరుకు ఎక్కువ. పాతది కొంటే ఒక లాభం ఉన్నది, చాలామంది దీన్ని వాడుకోరు: ఒకే బాక్సుకెల్లి ఇన్‌పుట్ షాఫ్ట్, కౌంటర్ షాఫ్ట్ రెండూ కలిపి అడగొచ్చు, అవి ఒకదానికొకటి అలవాటైన పండ్లు కాబట్టి సప్పుడు రాది. విడిగ ఒక్క షాఫ్ట్ ఇస్త అంటే ధర తక్కువనే గాని కొత్తది ఒక్కటి ఏసినప్పటి తిప్పలే ఉంటది. షాఫ్ట్ చూసేటప్పుడు పైన చెప్పిన గోరు పరీక్ష, టార్చ్ పరీక్ష అన్నీ అక్కడ్నే చెయ్యాలె. తుప్పు చూడున్రి, ఎమరీ పట్టి తుడిచి మెరిపిస్తరు గాని తుప్పు తిన్న గుంతలు రంధ్రం లోపట అట్లనే ఉంటయి. లేత్ షాపుల రెండు సెంటర్ల నడుమ పెట్టి డయల్ గేజ్ ఆనిచ్చి తిప్పితే వంకర ఉన్నదా లేదా ఐదు నిమిషాల పని, అక్కడ పక్కపక్కనే లేత్ షాపులు ఉంటయి కాబట్టి పైసలిచ్చే ముందే తిప్పిచ్చి చూడున్రి. గేజ్ ముల్లు ఊగితే ఆ షాఫ్ట్ అక్కడ్నే పెట్టి రావాలె, బేరం ఎంత తగ్గిచ్చినా సరే.

నాలుగోది మొత్తం పాత బాక్స్. ఇది ఎప్పుడు లాభమంటే లోపల షాఫ్ట్, కౌంటర్, రెండు మూడు గేర్లు, సింక్రోలు అన్నీ పోయినప్పుడు. విడి పార్టుల లిస్ట్ రాసి కూడుకుంటే బాక్స్ ధర దాటిపోతున్నదంటే బాక్సే కొనాలె, మెకానిక్ ఇప్పి కూసోబెట్టే రోజులు గూడ మిగులుతయి. బత్తాయి సీజన్ల గాని వరి కోతలప్పుడు గాని బండి నాలుగు రోజులు ఆగితే పొయ్యే కిరాయిలు గూడ లెక్కల వెయ్యాలె, నల్లగొండ నుంచి బాటసింగారం మార్కెట్‌కు రోజూ లోడు కొట్టే బండికి ఆగిన రోజే పెద్ద ఖర్చు. నష్టమేందంటే లోపట ఏమున్నదో అమ్మేటోనికి గూడ తెల్వది. మా దిక్కు ఒకాయన గట్లనే కొని ఎక్కిచ్చిండు, ఎక్కినంక రివర్స్ పడ్తలేదు, అమ్మినోడేమో "అప్పుడు మంచిగనే పడ్డది" అంటడు, తీసుడు పెట్టుడు లేబర్ మొత్తం ఈయననే పెట్టుకున్నడు. కాబట్టి పై మూత ఇప్పిచ్చి పండ్లు చూడకుండ కొనొద్దు. మూత లేని రకమైతే ఆయిల్ కారబెట్టి చూడాలె, ఆయిల్ లేకుండ ఎండిపోయి ఉన్న బాక్స్ జోలికి పోవద్దు. షాఫ్టును చేత్తోని తిప్పుకుంట అన్ని గేర్లు వేసి చూడున్రి, రివర్స్ తో సహా. బెల్ హౌసింగ్ (క్లచ్చును కప్పే బాక్స్ ముందటి గూడు) బోల్టులు, స్టార్టర్ జాగ, స్పీడోమీటర్ సెన్సర్ జాగ, ఎనక ఫ్లాంజ్ మన పాతదాంతోని కలవాలె. గేర్ రేషియోలు వేరే ఉన్న బాక్స్ ఎక్కితే బండి ఎక్కుతది గాని పికప్ మారుతది, ఘాట్ మీద మొదటి గేర్ సరిపోదు. మాట మీద "వారంటీ" అన్నదానికి విలువ లేదు, కాగితం మీద ఇన్ని రోజుల్ల మార్చిస్త అని రాపిచ్చుకోవాలె. బిల్లు లేని బాక్స్ ముట్టొద్దు, అది ఏ బండికెల్లి వచ్చిందో ఎవనికి ఎరుక.

బండి వయసు సంగతి గూడ జర ఆలోచించాలె. 8 ఏండ్లు దాటిన లోడు బండికి ఫిట్‌నెస్ ఏడాదికోసారి, బాడీ, ఇంజన్, టైర్లు అన్నిటికీ ఖర్చు వస్తనే ఉంటది. ఒకటి రెండేండ్లల్ల అమ్ముదామనుకునే బండికి కంపెనీ జోడీ పెట్టుడు పైసలు మట్టిల పోసుడే, మంచి పాత జోడీ చాలు. ఐదారేండ్లు ఇంకా నడుపుత, ఫైనాన్స్ గూడ నడుస్తున్నది అనుకునేటోళ్లకు కొత్తది, అది గూడ ఘాట్ రూటు అయితే జోడీ. మధ్యల ఉన్నోళ్లు కౌంటర్ పండ్ల మొకం చూసి తేల్చుకోన్రి.

ఏది ఏసినా తప్పకుండ చెయ్యాల్సినయి

బాక్స్ ఒక్కసారి దిగినంక పైలట్ బేరింగ్ కొత్తది ఎయ్యకుండ ఎక్కియ్యొద్దు, షాఫ్ట్ ధర ముందట అది ఏపాటి గాదు. ముందటి ఆయిల్ సీల్, ఇన్‌పుట్ పెద్ద బేరింగ్, నీడిల్ రోలర్లు, రిలీజ్ బేరింగ్ గూడ అంతే. క్లచ్ ప్లేటు సగం మీద అరిగి ఉంటే అది గూడ, ఎందుకంటే పాత ప్లేటు హబ్ గాడులు పాత షాఫ్ట్ తీరుగ అరిగి ఉంటయి, కొత్త స్ప్లైన్ల మీద అవి కొట్టుకుంటయి. ఇంజన్ ఎనక సీల్ కాడ ఆయిల్ తడి ఉన్నదేమో చూసి ఇప్పుడే మార్చేసుకోన్రి.

షాఫ్ట్ ఎందుకు అరిగిందో చూసుడు గూడ ఇప్పుడే. చాలా బండ్లకు బెల్ హౌసింగ్, ఇంజన్ నడుమ ఉండే డోవెల్ పిన్నులు (రెండింటిని సూటిగ కూసోబెట్టేటివి) ముందటిసారి దించినప్పుడే పోయి ఉంటయి, బోల్టుల మీదనే నిలవడి ఉంటది. అట్లుంటే బాక్స్ ఇంజన్‌కు సూటిగ కూసోదు, ముక్కు పైలట్ల వంకరగ తిరుగుతది, ఎన్ని షాఫ్టులు మార్చినా గదే కథ. పిన్నులు ఉన్నయా అని మీరే నిలవడి అడగున్రి, లేకుంటే తెప్పియ్యున్రి. బాక్స్ కింద రబ్బర్ మౌంటింగ్ కుంగి ఉంటే అది గూడ మార్చున్రి.

ఎక్కిచ్చేటప్పుడు రెండు తప్పులు చూస్తుంటం. ఒకటి, జాకీ లేకుండ ఇద్దరు మనుషులు బాక్స్ ఎత్తి షాఫ్ట్ క్లచ్ ప్లేట్ల దూర్చి బాక్స్ బరువంతా దానిమీద వేలాడదీసుడు, గట్ల ప్లేటు హబ్ వంగి క్లచ్ వణుకుతది. అలైన్‌మెంట్ టూల్ తోని ప్లేటు సెంటర్ చేసి బాక్స్ కింద జాకీ పెట్టే ఎక్కియ్యాలె. బోల్టులు గుంజి బాక్స్ దగ్గరికి తెచ్చుడు అస్సల్ వద్దు, చేత్తోని నెడితే పోయి ఆనాలె. రెండోది బేరింగును సుత్తెతోని కొట్టి షాఫ్ట్ మీద ఎక్కిచ్చుడు. ప్రెస్ ఉన్న షాపుల్నే ఎక్కిపియ్యాలె. కొన్ని బాక్సులల్ల షాఫ్ట్ మారితే షిమ్ములు (సందు సరిచేసే పలుచటి రేకులు) కొలిచి మళ్ల పెట్టాలె, పాత షిమ్మే పెట్టి మూసే మెకానిక్‌ను కొలిచినవా అని ఒక మాట అడగున్రి. స్ప్లైన్ల మీద గ్రీజు పలుచగ రాసి మిగిలింది తుడవాలె, దండిగ పూస్తే తిరిగేటప్పుడు ఎగిరి క్లచ్ ప్లేటు మీద పడ్డదంటే కొత్త క్లచ్ మొదటి రోజే జారుతది.

ఆఖరుకు ఆయిల్. గేర్ బాక్సుల, క్రౌన్ల ఒకటే 90 నంబర్ ఆయిల్ పోసుడు మన దిక్కు పాత అలవాటు. క్రౌన్‌కు పోసే జీఎల్-5 గ్రేడ్ల (జీఎల్ అంటే గేర్ ఆయిల్ రకం నంబర్) ఉండే మందు ఇత్తడి సింక్రో రింగులకు పడకపోవచ్చు, కాబట్టి బండి పుస్తకంల గేర్ బాక్సుకు జీఎల్-4 అని ఉంటే అదే పొయ్యాలె, 80డబ్ల్యూ-90 అని నంబర్ ఒకటే ఉన్నా డబ్బా మీద జీఎల్ ఎంతో చదివి. లెవల్ ప్లగ్ రంధ్రం దాకా పోసి, కారుడు ఆగినంక మూసెయ్యున్రి. కొత్త పండ్లు కొత్తల కొద్దిగ పొడి రాలుస్తయి, అందుకని ఒక వెయ్యి కిలోమీటర్లు తిరిగినంక ఆ ఆయిల్ తీసేసి కొత్తది పోసుకుంటే మంచిది, అప్పుడు ప్లగ్ మీద పేస్ట్ మళ్ల ఒకసారి వేళ్ల నడుమ రుద్ది చూడున్రి, గరుకు తగిలితే బాక్స్ ఇప్పిన మెకానిక్ కాడికి అదే రోజు పోవాలె, ఆ పేస్టున్న ప్లగ్గును గుడ్డల చుట్టుకొని.